నలభై సెకన్లు

బస్సు నడిపే ఆట అది.
అందులో జర్మనీ రోడ్లున్నాయి, మంచుంది, సొరంగాలున్నాయి.
ఇజీనగరం లేదు.
అందుకని ఆరునెలల రాత్రులు కూచుని
కాంప్లెక్సు నుంచి బొబ్బిలి దాకా
ఒక్కో కిలోమీటరే తెచ్చి పరిచాను.

మూడులాంతర్ల దగ్గర మూడూ వెలిగించాను.
కోటగోడ పాచిరంగు దొరకడానికి
రెండు వానాకాలాల ఫొటోలు కావలసొచ్చాయి.
బొండపల్లి తాళ్ళన్నీ ఒక్క తాడిచెట్టే;
ఎవరూ పోల్చుకోకుండా
ఒక్కోదాన్నీ ఒక్కో వైపు తిప్పాను.

తవిటినాయుడు మావ ఆ రూట్లో ముప్పయ్యేళ్ళు డ్రైవరు.
చూపు మందగించిందని
డిపోలో టైర్ల లెక్క రాయిస్తున్నారు.
ప్లాస్టిక్ స్టీరింగు బల్లకి బిగించి
కూచో మావా, అన్నాను.
చెప్పులు విడిచి కూచున్నాడు.

"కొండలు బాగానే దించేవురా గుంటడా.
ఏటీ, బండిలో కంపు నేదేటి?"
మలుపొస్తే కుడిచెయ్యి
లేని కిటికీలోంచి బయటికి పోయేది.
గజపతినగరంలో లేని గేదెకి హారను కొట్టాడు.
చంపావతి వంతెన మీద నెమ్మదించి
నేను పోసిన నీళ్ళకేసి చూసి
"వేసంగి కదరా, ఇన్నెక్కడివి?" అన్నాడు.

మానాపురం దాటాక
ఏమీ లేనిచోట బస్సాపేశాడు.

స్టాపు కాదది.
అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలిపించలేదు నేను,
ఎవరు ఆగి చూస్తారులే అని.
తెర మూలన గడియారం ఎర్రబడింది.
పాయింట్లు పోతున్నాయి, పది, ఇరవై...
"మావా, పోనీ."
"ఉండెహె."
తలుపు మీట నొక్కాడు. తెరుచుకుంది.
నాలుగు సెకన్ల గాలిచప్పుడు
అదే మళ్ళీ, అదే మళ్ళీ.

"టాపు మీంచి గంప దించుకోవాల గదా.
ఎండుచేపలు. ఒక్కర్తీ.
కండక్టరు దిగడు, సోంబేరి.
నానైనా ఆగాల గదా."
ఎవరు మావా, పేరేటి?
"ఏమో. పేరెవుడడిగేడు."

ఎడం పక్కకి ఓసారి ఒంగి చూసి
తలుపు మూశాడు.
ఫస్టు గేరు. రెండు.

ఆ రాత్రి ఆవిడని తయారు చెయ్యబోయాను.
చీరరంగు తెలీదు, నడక తెలీదు.
ఆటలో ఉన్న ఆడబొమ్మలన్నీ
చక్రాల సూట్‌కేసులు లాగుతాయి.
గంప ఎత్తగల మెడ ఒక్కదానికీ లేదు.
వదిలేశాను.
రోడ్డువార మట్టిని మాత్రం
గంప మోపేటంత మేర నున్న చేసి,
గడియారం లోపలికి దూరి
ఆ మలుపులో నలభై సెకన్లు
కాలం నడవకుండా కట్టేశాను.

ఇప్పుడా రూటు ఎవరెవరో నడుపుతున్నారు.
పోలండులో ఒకడు,
వాడి అర్ధరాత్రిలో మా మిట్టమధ్యాన్నం.
అక్కడ గడియారం ఆగిపోతోంది, తప్పేదో ఉంది,
సరిచెయ్యమంటాడు.
చెయ్యను.

మావకి ఇదేం చెప్పలేదు.
మొన్నొచ్చి మళ్ళీ నడిపాడు. అక్కడే ఆగాడు.
తలుపు తీశాడు, మూశాడు.
గడియారం వైపు చూడనే లేదు;
బొబ్బిలిలో బండి ఆపి
చెప్పులు వెతుక్కుంటూ తిట్టాడు:
"ఆ చంపావతిలో నీళ్ళు
ఇంకా తియ్యనేదేట్రా?"