ఈ శనివారం

ప్రెస్సు ఇన్నారెడ్డి చెప్పిండు:
"తారీఖు ఎయ్యకుర్రి బిడ్డా,
మిగిలినయి ఇంకోపారి పనికొస్తయి."
గట్ల పడ్డయి ఆ రెండు మాటలు.
ఈ శనివారం. రాత్రి ఎనిమిది గంటలకు.
చంద్రిక బార్, దేవరకొండ రోడ్డు.
నల్లకొండ నలుగురు.
పాట, పరేషాన్, ప్రవేశం ఉచితం.

పరేషాన్ సైదులు పెట్టిండు,
'ప' కుదిరిందని.

ఏ రంగు కాయితం అడిగినా
దానికో పార్టీ ఉన్నది.
ఆఖరికి సిమెంటు బస్తా రంగు తీసుకున్నం.
మూడు వందలు. సగం పైసలు బాకీ.

శౌరి వాళ్లమ్మ మైదా ఉడికించింది.
"మైలుతుత్తం కలుపమ్మా, లేకపోతే గొడ్లు తింటయి"
అంటే
"తింటే సస్తయి గదరా" అన్నది.
కలుపలే.
తిన్నయి.
రామగిరి మలుపుకాడ తెల్లారేసరికి
ఒక బర్రె
మా జానకిరాములు మొఖాన్ని
నెమ్మదిగ నెమరేస్తున్నది.

గడియారం సెంటర్ల జాగ దొరకలే.
మొలల వైద్యం, డిగ్రీ అడ్మిషన్లు,
అప్పులిస్తమనే ఫోన్ నంబర్లు.
ఒక సంతాపం పోస్టరు మీద సగం అంటించినం,
సచ్చిపోయినాయన కండ్లను మాత్రం వదిలిపెట్టి.
ఆయన మా పేర్ల మీదికెల్లి
వచ్చే బస్సులను సూస్తుండు.

శనివారం రానే వచ్చింది.
గౌడ్ సాబ్ టీవీ గొంతు నొక్కిండు
గని బొమ్మ ఆపలే.
ఎనిమిది మంది. ఆరుగురికి క్రికెట్.
ఇద్దరికి మేమెవలమో తెల్వదు.
ఏడున్నర బస్సు మీద మేం కట్టిన పాట,
రెండో చరణంల
జానకిరాములు కండ్లు మూసుకొని గొంతెత్తిండు,
బార్ అంత ఒక్కపారి సప్పట్లు!
వాడు వంగి దండం పెట్టిండు.
ఎనక తెర మీద
ఎవడో అవుటై పోతున్నడు.

మా కూలి:
రెండు ప్లేట్ల గుడాలు, చల్లారిన బోటి,
"కరెంటు బిల్లు సంగతి మల్ల మాట్లాడుదాం" అన్న మాట.

ఆ తర్వాత
జానకిరాములు కానిస్టేబుల్ సెలక్షన్లకు పడ్డడు.
పొద్దుగాల్నే గ్రౌండ్ల ఉరుకుతుండు,
ఊపిరిని పాటకు కాక
పదహారు వందల మీటర్లకు దాసుకుంటుండు.
సైదులు నకిరేకల్ల బరాతులకు పోతుండు.
అక్కడ మనుషులన్నా ఎగురుతరంటడు.

మూడు వారాలైనంక
స్పీకర్ వైరు తెచ్చుకుందామని
నేనూ శౌరీ చంద్రికకు పోతే
మూలకు ఒకాయన కూసున్నడు.
హాలియా దిక్కుకెల్లి బత్తాయి ట్రాలీ తెచ్చిండట.
మార్కెట్ల లోడు దింపి నేరుగ ఇటే.
అంగీ జేబుల నుంచి కాయితం తీసిండు,
గోడకెల్లి గీకినది, ఒక పక్క బర్రె కొరికినది.
"ఈ శనివారం అని ఉన్నది గదా" అన్నడు.
"పోయిన శనివారం గూడ వచ్చిన.
ఎవ్వలు లేరు.
సరే, ఇది కాదేమో అనుకున్న."

మేం ఒకల మొఖం ఒకలం సూసుకున్నం.
కీబోర్డు చర్చిల ఉన్నది, తెల్లారితే ఆదివారం.
నా గిటారుకు ఒక తీగ లేదు.
పాడేటోడు లేడు.

శౌరి టేబుల్ మీది గిలాసలు పక్కకు జరిపి
అరచేతులతోని మొదలుపెట్టిండు.
గౌడ్ సాబ్ రిమోట్ ఎక్కడ పెట్టిండో
యాదికి తెచ్చుకుంటున్నట్టు నిలబడి
టీవీ బంద్ చేసిండు.
నేను పాడిన.
నాకు పాట రాదు. ఇప్పటికీ రాదు.
రెండో చరణం మరిసిపోతే
మొదటిదే మల్ల పాడిన.
ఆయన గిలాస ముట్టలే.
అయిపోయినంక నవ్విండు,
పళ్లనిండ మన నీళ్ల మరకలు.
"బస్సు పాటనా? బాగుంది.
ఆ ఏడున్నర బస్సు మా ఊరికి రాదు" అన్నడు.

సంచి నిండ బత్తాయిలు ఇచ్చి పోయిండు.
పైన పచ్చియి, కింద పండినయి.

ఇంటికి పోయే తొవ్వల
శౌరి వాళ్లమ్మకు ఫోన్ చేసిన:
"అమ్మా, మైదా ఉన్నదా?"
"ఉన్నది" అన్నది.
కొంచెం ఆగి
బర్రె మంచిగనే ఉన్నదా అని అడిగింది.