మూడు వేల మీద దగ్గు

బళ్లారిలో నేను పోయేసరికే ఇంజను వెచ్చగా ఉండె.
అప్పుడే అనుమానం రావల్ల.
"దీనికి ఏ జబ్బూ లేదు" అనె డాక్టరమ్మ.
డాక్టరే అన్నాక ఇంకేమడుగుతాం?

ఎర్ర పాలియో. ఇరవై ఏండ్లది.
పిట్ట కొంచెం, కూత ఘనం.
రెండో గేరులో ముందుకు దూకితే
వీపు సీటుకు అతుక్కుని
నాకు నలభై ఆరని మర్చిపోయినా.
విడపనకల్లు, ఉరవకొండ, గాలిమరల వరసలు...
ఒక లారీని దాటబోయి గట్టిగా తొక్కినా చూడు,
సూది మూడు వేలు తాకీ తాకకముందే
ఖళ్ ఖళ్ మని దగ్గింది.
లారీవాడు నవ్వుకుంటా పాయె.

నా బతుకు బోరు మోటార్లు తిరగచుట్టడం.
పైపుకు చెవి ఆనించి చెప్తా
బేరింగు పోయిందో, నీళ్లే పోయినాయో.
రుద్రంపేటలో ఈ చెవికి ఒక మర్యాద ఉండాది.
అట్లాంటి చెవిని బానెట్లో పెట్టి
వారం దినాలు
ఏమీ తెలియని మొగం వేసుకుని నిలబడినా.

చుట్ల లెక్కలు రాసుకునే నోటుబుక్కులోనే
వెనకనుంచి మొదలుపెట్టినా:
పొద్దున చల్లింజను. టకటక, ఒక బీడీ కాల్చేంతసేపు.
స్పీడుబ్రేకరు. ముందు ఎడమపక్క, అటక మీంచి బిందె దొర్లినట్టు.
ఏసీ వేస్తే సిగ్నలు కాడ ఒణుకుతాంది, జ్వరమొచ్చిన మేకపిల్ల మాదిరి.
దగ్గు, మూడు వేల మీద. మిట్ట ఎక్కేటప్పుడు తప్పదు.
సదరం రోడ్డు మీద ఒక్కోసారి రాదు.
ఆ "ఒక్కోసారి" కింద రెండు గీతలు.

గుత్తి రోడ్డు పక్కీరప్ప దగ్గర అన్నిటికీ ఒకటే మందు.
"మార్చల్ల సుంకన్నా."
ప్లగ్గులు మారె. కాయిలు మారె, కోయంబత్తూరు నుంచి తెప్పించి.
పెట్రోలు ఫిల్టరు మారె.
మారనిది దగ్గొకటే.
"ఇంజను దించుదామా?" అన్నాడు టీ ఊదుకుంటా,
గోళ్లు తీసుకుందామా అన్నంత సులువుగా.

ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు
బానెట్టు ఎత్తి, వైర్ల మీద నీళ్లు చిలకరించి,
షాపు పిల్లోడు అంజాద్‌ను రైజ్ చేయమని
చీకట్లో వంగి చూసినా.
యాడన్నా కరెంటు కారుతాంటే నీలంగా మెరవల్ల.
మిణుగురంత కూడా లేదు.
చెమటచుక్క ఇంజను మీద పడి సుయ్‌మంది.
అదొక్కటే జవాబు.

మరుసటి రోజు నార్పల రైతు ఓబులేసు
కాలిన మోటారు మోసుకొచ్చె.
అందరినీ అడిగే మాటే, తల ఎత్తకుండా అడిగినా:
"ఎర్త్ చూసినావాప్పా? ఆ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లాయె?"

అడిగి,
నోరు అట్లే తెరుచుకుని ఉండిపోయినా.

ఓబులేసును బల్ల మీదే కూర్చోబెట్టి బండి కిందికి దూరినా.
గేరుబాక్సు నుంచి బాడీకి పోయే జడతీగ
ఆకుపచ్చ చిలుము పట్టి, మూడు పోగుల మీద ఏలాడుతాంది.
పాపం, అన్ని వేల మెరుపులు
ఇంటికి తిరిగిపోను దారి లేక
ఆ మూడు పోగుల కాడ తొక్కులాడుకున్నాయి.
ఉప్పుకాగితంతో రుద్ది, షాపులోని తీగతోనే కొత్త జడ అల్లి
బోల్టు బిగించినా. ఖర్చు నలభై రూపాయలు.
పక్కీరప్పకు ఇంకా చెప్పలేదు.

సాయంత్రం హైవే. మూడు వేలు.
మూడున్నర. నాలుగు.
ఐదు వేల కాడ అది అరుస్తాంటే
నేనూ అరిచినా, అద్దాలు ఎక్కించుకుని, ఎవరూ వినకుండా.

అప్పుడు వినపడె.
వెనక, కుడిపక్క, సన్నగా,
దగ్గు చాటున ఇన్నాళ్లూ దాక్కున్న ఊళ.
ఎనభై మీద మొదలు, ఎడమకు తిప్పితే ఎక్కువ.
రేడియో ఆపినా. అద్దాలు దించినా.
చెనిక్కాయ చేన్ల గాలి లోపలికొచ్చె.

పక్క సీట్లో నోటుబుక్కు ఉండాది.
పెన్ను కోసం తడుముకుంటా
బండి పక్కకు తీసినా.