మూడో తాళంచెవి

బెళుగుప్ప దావలో మా ఊరు.
బస్సు ఆగుతుంది, ఇంజను మాత్రం ఆపరు.

పాత బడిగదిలో మా విత్తనాల కొట్టు.
పదకొండు మట్టిబానలు,
బూడిద కలిపిన కొర్రలు, వేపాకు కింద కందులు,
అలసందలు, రొంత ఆముదాలు.
గోడ మీద ఎవరో పిల్లోడు రాసిన మూడో ఎక్కం
మూడేళ్లు ఇరవయ్యొకటి దాకా వచ్చి ఆగింది.

తలుపుకు మూడు తాళాలు.
ఒక చెవి ఓబుళమ్మ తాళిదారానికి,
ఒకటి ఈరక్క వక్కాకు సంచిలో,
మూడోది మారెక్క కొంగున.
ముగ్గురూ వస్తేనే తలుపు.
ఆ మాట అనుకున్న దినం అందరం నవ్వినాం,
మా ఇండ్లకే తాళాల్లేవని.

నేను లెక్కలు రాసేదాన్ని.
పది తప్పినాను, అందుకే ఊరికి దొరికినాను.
శేరు తీసుకుంటే శేరున్నర కట్టల్ల.
వారం మీటింగుకు రాకుంటే పది రూపాయలు జరిమానా.

మూడేండ్లు వాన లేదు.
మాఘంలో మారెక్క మొగునితో కూడా బెంగుళూరికి పాయ,
యలహంక పక్కన యాడనో ఇటుకలు మోసేదానికి.
చెవి కొంగుకు అట్లనే ఉండిపాయ.
ఎవరికీ గుర్తే రాలేదు.
విత్తేదే లేనప్పుడు తలుపుతో ఏం పని?

ఆరుద్రలో, సోమవారం మొబ్బులో
వాన.
చూరు కింద బిందె పెట్టాలనేది కూడా మరిచిపోయినాం.
ఎర్రనేల పదును నాలుగు దినాలు,
అంతకన్నా బతిమాలినా ఆగదు.

హుసేన్‌బీ తలుపు ముందర కూలబడింది.
రెండెకరాలు గుత్తకు తీసుకునింది ఆమె.
"గడ్డపారతో ఒక్క పోటు చాలు!
లోపలుండేది మన గింజలే కదమ్మా!"
ఓబుళమ్మ పలకలేదు.
ఈరక్క వక్క నములుతా నేలకేసి చూసింది.
అంగడి తిప్పయ్య అరుగు మీద నుంచే అన్నాడు:
"నా కొట్టుకు ఒకటే తాళం తల్లీ,
అదీ ఎప్పుడూ తీసే ఉంటాది.
నూటికి ఐదు."
ఇద్దరు పోయినారు. వాళ్ల పేర్లు నేను చెప్పను.

మంగళవారం ఫోను చేసినా.
మేస్త్రీ ఎత్తినాడు.
"ఏ ఊరి మారెక్క?
ఇక్కడ నలుగురు మారెక్కలుండారు."
బుధవారం ఎండ.
చేతిలోకి తీసుకున్న మట్టి
ముద్ద కాకుండా పొడిపొడిగా జారింది.

గురువారం ఇంకా తెల్లారకనే బస్సొచ్చింది.
ఆ దినం ఇంజను ఆపినారు.
కండక్టరు టికెట్ల సంచిలో చేయి పెట్టి
చిన్న మూట తీసిచ్చినాడు.
సిమెంటు అంటిన గుడ్డపీలిక, మూడు ముళ్లు.
లోపల చెవి.
చెవికి చుట్టి రెండు నూర్ల రూపాయలు:
ఇరవై వారాల జరిమానా.
నేను లెక్క చూస్తే పంతొమ్మిదే.
ఇరవయ్యోది వచ్చే వారానికంట,
అదీ ముందే కట్టింది.

హుసేన్‌బీ మొదటి శేరు కొలుచుకునింది,
తలగొట్టి, ఒక్క గింజ ఎక్కువ కాకుండా.

పంట సగమే.
మఖలో వాన మొగం చాటేసింది.
పద్నాలుగు మంది తీసుకుంటే తొమ్మిది మంది కట్టినారు.
ఐదు పేర్లకెదురుగా "వచ్చే కారుకు" అని రాసినా.
ఎవరింటి గిన్నే ఎవరూ ఎత్తుకురాలేదు.
తిప్పయ్య దగ్గరికి పోయిన ఇద్దరికీ
చెరొక శేరు ఒక బానలో పక్కన పెట్టినాం.
ఇంకా వచ్చి అడగలేదు వాళ్లు.

మారెక్క వచ్చింది, నాలుగు దినాలుండింది,
మళ్లా సంచి సర్దింది.
ఈసారి చెవి ఎవరికియ్యాలని
రెండు గంటలు అరుచుకున్నాం,
పాత కోపాలన్నీ బయటికొచ్చినాయి.
బస్సు హారను ఇనబడినాక ఆమే తేల్చింది:
"పగలగొడతానన్నది హుసేన్‌బీ కదా,
ఆమెకే ఇయ్యండి."
ఎవరూ నవ్వలేదు.
హుసేన్‌బీ చెవి తీసుకుని
నల్లపూసల దండకు ముడేసుకునింది.

పుస్తకంలో రాసినా:
మూడో చెవి, హుసేన్‌బీ, వేలిముద్ర.
వేలికి కొర్రపొట్టు అంటుకోనుండింది,
గీతలు సరిగా పడలేదు.
తుడిచి, ఇంకోసారి వేయించినా.