ఏటి లెక్క

వంశధార ఒడ్డున, రేవు మలుపులో
రేకుల గది నాది.
కిటికీకి అవతల కాటా, ఇవతల నేను.
లారీ ఎక్కుతుంది,
ఎర్ర అంకెలు కాసేపు వణికి నిలబడతాయి.
బండి నంబరు, టైము, బరువు:
మూడు గడులు నింపి రసీదు చింపుతాను.
ఆరేళ్లుగా ఇదే చేత.

మొన్న దాలయ్య మేష్టారు
ఎనిమిదో క్లాసు గుంటల్ని ఏటికి తీసుకొచ్చారు.
ఎండకి తాళలేక నా గది నీడన చేరారు.
కూర్మావతంట, రెండు జడల పిల్ల,
కాటా మీద రాలిన గుప్పెడు ఇసుక
తిన్నగా నా రసీదు పుస్తకం మీదే పోసింది.
పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం
కాగితం కింద తిప్పింది.
నల్ల నలుసులు లేచి నిలబడ్డాయి,
చీమల బారులా దాని వెంట నడిచాయి.
తెల్లగా మిగిలింది పలుగురాయి.
"ఇగో, ఈ ఎర్రవి సూడండి బాబూ,
గార్నెట్టు. కొండ కడుపులోంచి ఒచ్చినాయి."

ఎప్పటివి? అన్నాను,
బియ్యంలో రాళ్లేరేవాడిలా వంగి.
మేష్టారు చెప్పారు:
ఎప్పటిదో సముద్రపు అడుగు బురద
నేల లోతుల్లో ఉడికి, నలిగి, రాయయింది.
రాయి కనుమలై లేచింది.
ఎండకి పగిలి, వానకి కుళ్లి,
ఏరు దొర్లించగా దొర్లించగా
బండ గుండయింది, గుండు గులకయింది,
గులక ఇదిగో, ఇలా.
కొండరాయి వయసు వంద కోట్ల ఏళ్లట, అటూ ఇటూగా.

బయట హారను కొట్టారు.
పద్దెనిమిది టన్నుల నాలుగొందల కిలోలు.
రాశాను.
వయసుకి గడి లేదు.

మా యమ్మ గన్నెమ్మ ఇక్కడే చెలమ తవ్వేది.
మోచేతి లోతులో ఊట.
మొదటి చెంబు మసక, రెండోది పారబోసి
మూడోది తాగమనేది.
నేను ఇసుక కాళ్లతో చిమ్ముతుంటే
"నీటికది దుప్పటిరా, లాగీయకు" అనేది.
ఇప్పుడదే చోట
ఛాతీ లోతు తవ్వినా బంకమన్నే.

కింద కళింగపట్నం వైపు
ఉప్పునీళ్లు బావుల్లోకొచ్చి పప్పు ఉడకడం లేదని
చేపల పోలమ్మ గంప దించి చెప్పింది.
వలలారేసే దిబ్బ సగం పోయిందట.
ఏటేటా ఏరు మోసుకెళ్లి ఆ ఒడ్డుకి పోయాల్సింది
ఇక్కడ నా కాటా ఎక్కి దిగిపోతోందని
ఆమెకి తెలీదు.
నేను చెప్పలేదు.

అబద్ధమాడను, ఇది నా కూడు.
మా కొత్త గోడలో ఉన్నదీ ఈ ఇసుకే.
ఇల్లు కట్టుకోవద్దని ఎవరంటారు?
మేష్టారూ అనలేదు.
పుల్లతో నేలమీద రెండు గీతలు గీశారు:
వరద తెచ్చేదింత, మనం తీసేదింత.
"మధ్యలో ఖాళీ ఎంతో ఎవరైనా రాస్తున్నారా?"

నిన్న లారీలు వెళ్లిపోయాక
రేవులో ఐదు చోట్ల గునపం గుచ్చాను.
రెండు చోట్ల మెత్తగా దిగింది.
మూడు చోట్ల టంగుమంది.
పాత నోటు పుస్తకంలో గడి గీసి
అడుగులూ అంగుళాలూ వేస్తుంటే
కాంట్రాక్టరు మనిషి బీడీ ఆర్పి అడిగాడు:
"ఏటి లెక్కది?"
"అవును, ఏటి లెక్కే" అన్నాను.
వాడు నవ్వలేదు.

రసీదు పుస్తకం దులిపితే
ఇంకా ఎర్ర నలుసులు రాలుతున్నాయి.
దోసిట్లో పట్టుకెళ్లి నీళ్లలో వదిలాను.
తూకం వేయలేదు.