రేవులమ్మకి గాలి నేర్పడం

వంతెన పడ్డాక
వశిష్ఠ మీద పంటు ఆగింది, రేవులమ్మకి పని పోయింది.
మూడేళ్లు పసుపు రాసిన చెయ్యి లేదు.
సరంగు పని చేసిన మా నాన్న పోతూ పోతూ
ఇత్తడి గంటా, ఈ గుడి తాళంకప్పా నాకిచ్చాడు.
తలుపే లేని గుడికి తాళమెందుకో చెప్పలేదు.

మొదట వచ్చింది లంకలో వరాలు.
"కువైట్ వెళ్తన్నానప్పా, విమానమంటే గుండె దడ.
దాటించడమేగా ఈవిడ పని?"
నిజమే. కానీ అమ్మకి తెలిసింది నీళ్లు.
పోటూ పాటూ తెలుసు,
ఏ మలుపులో సుడి తిరుగుద్దో తెలుసు.
మబ్బుల్లో ఇసుక మేటలుంటాయా?
గాలికి గట్టుంటుందా?

ఆ రాత్రి దీపం ఎగదోసి
నాకు తెలిసినంత నేర్పాను.
గాలి కూడా ఏరేనమ్మా,
కాకపోతే గెడ వేస్తే అడుగు తగలదు.

అప్పట్నుంచి ముడుపుల్లో తెడ్లు పోయి విమానాలొచ్చాయి.
మస్తాను నూనె డబ్బాలు కత్తిరించి చేస్తాడు, ఒక్కోటి ఎనభై.
రెక్క కింద ఇంకా సగం పొద్దుతిరుగుడు పువ్వు.
కిటికీలెన్ని పెట్టాలప్పా అనడిగాడు.
ఎక్కే మనిషికి ఒకటి చాలన్నాను.
మస్కట్, దోహా, కువైట్,
అన్నీ ఒకే దూలానికి వేలాడి
సముద్రపు గాలికి టకటకలాడతాయి.

సుగుణ తెల్లారగట్ల వచ్చింది,
వ్యాను హారన్ కొడుతుంటే, చెప్పులు చేత్తో పట్టుకుని.
"క్షేమంగా ఇంటికి చేర్చు" అనబోయింది.
తొందరలో "ఇంటికి చేర్చు" అంటే చాల్లే అన్నాను.

పదహారు నెలలకి చేరింది.
శంషాబాదు దాకా విమానంలో,
అక్కణ్ణుంచి అంబులెన్సులో.
పెట్టె మీద కాగితంలో
పేరు కింద బరువు రాశారు.

మైల తీరాక చెల్లెలు కరుణ
కోడిపుంజుని చంకలో పెట్టుకొచ్చింది.
మొక్కు బాకీ ఉంచకూడదప్పా, అమ్మ చేర్చిందిగా, అంది.
ఆ పిల్ల మొహంలో ఎత్తిపొడుపేమీ లేదు.
పుంజు కాళ్లు విప్పుతుంటే
నా వేళ్లకి ముడి దొరకలేదు.

అమ్మ తప్పు కాదు.
పంటు రోజుల్లో అవతలి గట్టు కనపడేది,
మొక్కులో మాట తగ్గినా ఫర్వాలేదు.
ఇప్పుడు వ్యాను ఎంత హారన్ కొట్టినా
మొత్తం అనిపించే పంపుతున్నాను.
నడిచి దిగేటట్టు చేర్చు.
పాసుపోర్టు నా చేతిలోనే ఉండేటట్టు చేర్చు.
పేరు పెట్టి పిలిస్తే పలికేటట్టు చేర్చు.

నిన్న మస్తాను కొత్త డబ్బా తెచ్చాడు.
ఈసారి తలుపు కూడా కొయ్యమన్నాను,
చిన్న బందు వేసి,
లోపలి నుంచి తెరుచుకునేటట్టు.
ఇంకో ఇరవై అవుద్దప్పా, అన్నాడు.