నునుపు

ముప్పై ఏండ్లు బండలకు పాలిష్ పట్టినా.
నాపరాయి మీద నీళ్ళు పోసి చక్రం తిప్పితే
తెల్లని బురద కారిపోయి
నా మొగం నాకే కనపడేదాకా.
తాడిపత్రిలో నా చేతికింద నునుపెక్కిన రాయి
యాడ యాడ ఇండ్లలో పరుచుకునిందో నాకు తెలీదు.
మా ఇంట్లో మాత్రం పన్నెండు బండలు,
అంచు విరిగిందని సావుకారి వదిలేసినవి.
ఏరుకొచ్చి పరిచి, ఆదివారాలు కూచొని
అద్దం చేసినా.

ఆ అద్దం మీదనే బూరె నిలబడలేకపోయింది.

అసలు పేరు బ్రూనో. సావుకారి బెంగళూరు నుంచి తెచ్చుకున్న కుక్క,
జానెడు కాళ్ళు, మూరెడు నడుము.
ఓబుళమ్మకు నోరు తిరక్క బూరె అనింది,
రంగు గూడా అదే కదా, పిలిస్తే పలికింది.
ఒకనాడు లారీ మీదనుంచి దూకింది,
సాయంత్రానికి వెనక కాళ్ళు లేవు.
ఉండాయి గాని, లేవు.
"సూది ఏయించి పారేయండప్పా," అన్యాడు సావుకారి
ఫోను చూసుకుంటా.
తువ్వాల్లో చుట్టుకొని ఇంటికి తెచ్చినా.
ఎందుకు తెచ్చినావని ఓబుళమ్మ అడగల్యా,
"ఏం తింటాది?" అని మాత్రం అడిగింది.

అనంతపురం పశువులాస్పత్రిలో డాక్టరమ్మకు
పాతికేండ్లు దాటింటాయో లేదో.
తన వేలి కణుపులు చూపిచ్చి చెప్పింది:
పూసకూ పూసకూ నడుమ మెత్త ఒకటుంటాదంట,
అది జారి నరాన్ని ఒత్తుకునిందంట.
"ఆరు వారాలు కదలనీయద్దు.
ఎత్తేటప్పుడు ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి,
నడుము వంగకుండా సమంగా ఎత్తల్ల."
అదొక్కటి నాకు నేర్పాల్సిన పనిల్యా.
బండను ఎత్తేదీ అట్లనే.

ఆరు వారాల విశ్రాంతి!
నవ్వు ఆపుకున్యా.
నా నడుములో ఆ మెత్త ఎప్పుడు జారిందో ఏమో,
బెల్టు బిగిచ్చుకొని పనికి పోతానే ఉండా.
ఆరు దినాలు పండుకోమని నాకెవురూ చెప్పల్యా.
చెప్పింటే మాత్రం పండుకుంటాన్నా?
సరే, నా వంతు గూడా నువ్వే పండుకో నాయనా, అన్యా.

బండలు దూరాభారం పంపే చెక్కపెట్టె ఒకటి కోసి
దానికి గది చేసినాము.
లోపల గోతం, దాని మీద చింకిదుప్పటి.
పొద్దున, మద్దేన్నం, రేయి
పొత్తికడుపు మీద వేళ్ళు ఆనిచ్చి ఒత్తల్ల.
నాకు చాతకాలేదు. రాయితో బతికిన చెయ్యి,
ఎంత మెత్తగా ఒత్తల్నో దానికి తెలీదు.
ఓబుళమ్మ నన్ను పక్కకు నెట్టి తానే కూచునింది.
ఎనుములు పిండిన చెయ్యి.
"పోసుకో, పోసుకో" అని చెవిలో చెప్తాంటే
సన్నని ధార డబ్బాలో పడే సప్పుడు.
వానకు గూడా మేము అంతగా చెవి పెట్టిండం.

మూడోవారం వేళ్ళ సందులో గిల్లితే
కాలు రవ్వంత గుంజుకునింది.
ఆ రేయి ఇద్దరికీ నిద్ర రాల్యా.

ఆరోవారం దాటినాక తలుపు తీసి
పాత చీర ముక్క కడుపు కింద పట్టి లేపితే
ముందు కాళ్ళు పోతాండాయి,
వెనకవి నూనె మీద మాదిరి చెరొక దిక్కుకు జారె.
లేపితే జారె. మళ్ళా లేపితే మళ్ళా జారె.
నా తట్టు చూసింది.
తప్పు నాదన్నట్టేం కాదు, ఊరికే చూసింది.
నేను కింద బండలో నా మొగం చూసుకున్యా.

గోతాలు పరిస్తే ముడుత పడి కాళ్ళకు చుట్టుకుంటాండె.
ఉలి తెచ్చినా.
"ఏమయ్యా, ఆదివారాలన్నీ ఏమైపాయ?" అనింది ఓబుళమ్మ.
పెట్టె కాణ్ణుంచి వాకిలిదాకా
ఏడు బండలకు గాట్లు పెట్టినా, వేలెడు వేలెడు ఎడంగా.
మెరుపంతా పిండై లేచింది.
నడుము పట్టుకొని నడుమ నడుమ అక్కడే పండుకుంటే
నా మోచేతిని నాకింది.

ఇప్పుడు బూరె నడుస్తాది, తాగినోని మాదిరి.
ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి.
నిన్న గడపదాకా ఎవురి చెయ్యీ లేకుండా పోయి
అక్కడ, తనంతట తాను, ఉచ్చ పోసింది.
గాట్లెంబడి సన్నగా పారుతా నా కాళ్ళదాకా వచ్చె.
"తుడ్సు పో," అనింది ఓబుళమ్మ.
అనిందే గాని, గుడ్డ అందియ్యల్యా.
నేనూ లేయల్యా.