ఖాళీ బరువు

చీమకుర్తి కాటాగదిలో
మధ్యాహ్నం రెండుంపావుకి లాప్‌టాప్ నల్లబడింది.
ఇక్కడి నల్లరాయిలోనైనా చుక్కలు మెరుస్తాయి,
ఇందులో అవీ లేవు.

పొద్దున ఖాళీగా తూగిపోయిన మాలకొండయ్య లారీ
ఇప్పుడు రాయెత్తుకొచ్చి కాటా మీద నిలబడింది.
తీసేయాల్సిన అంకె లోపల ఇరుక్కుపోయింది.
"మళ్లీ దించమంటావా ఏంది పాపా?
క్రేనోడు నన్ను తంతాడు."

ఒంగోలు నుంచి బండి మీదొచ్చాడు ఖాజావలి.
జేబురుమాల్లో చుట్టి తెచ్చాడు
అగ్గిపెట్టెకి అన్నలాంటి డబ్బా.
ఒక్క మర కూడా విప్పలేదు.
వైరు గుచ్చి, పవర్ నొక్కి,
ఎఫ్ పన్నెండు మీద వేలు టకటకలాడించాడు.
"లేవంగానే లోపలికే చూసుకుంటది, అలవాటు.
బయటికి చూడమని మనం చెప్పాల."

ముందెవర్ని పిలవాలో తెర అడిగింది.
కిందున్నదాన్ని పైకి జరిపాడు.
చుక్కలు గిరగిరా తిరిగాయి.

"పుర్రె బయట మెదడా!"
తలగుడ్డ తీసి గోక్కున్నాడు మాలకొండయ్య.

లేచింది.
నేను పెట్టుకున్న బొమ్మ లేదు, నా పేరు తెలీదు,
ఎవరింట్లోనో నిద్రలేచిన మొహం.
మూలన మాత్రం చిన్న పెట్టె గుర్తు:
మా పాత డిస్కే.
చావలేదంట. లేవలేకపోయిందంతే.

తెరిచాను. ఆఖర్నించి మూడో వరస:
పన్నెండు టన్నుల మూడొందల నలభై.

అప్పుడే క్వారీలో తూటా పేలింది.
బల్ల అదిరింది.
ముగ్గురం ఒక్కసారే
ఆ వైరు మీద చేతులేశాం.